వంటాయన చేసిన ప్రమాణం

రేవులో ఆయన్ని అందరూ ‘నిదానం’ అనే పిలిచేవారు. కన్నవాళ్ళు పెట్టిన పేరు ఒకటి ఉంది, జీతాల రిజిస్టరులోనూ అదే ఉంది, కానీ ఆ పేరుతో పిలిస్తే ఆయనే వెనక్కి తిరిగి చూసేవాడు కాదు. తీర రక్షక దళం వారి గస్తీ బోటులో ఆయన వంటవాడు. అల ఎగిసినప్పుడల్లా టీ గ్లాసు పట్టుకుని నడిచేవాడితో “నిదానం, నిదానం” అనేవాడు. పొయ్యి మీద గిన్నె పక్కకి జరిగితే గిన్నెతోనూ అదే మాట. ఒకసారి ఇంజనాయన మెట్ల మీంచి జారినప్పుడు, ఇంకా కింద పడకుండానే ఆ మాట వినపడిందట. పడుతున్నవాడికి నిదానం చెప్పి ఏం లాభమని ఇంజనాయన ఇప్పటికీ దెప్పుతుంటాడు. పేరు మాత్రం అతుక్కుపోయింది.

దళంలో చేరేనాటికి ఆయనకి ముప్పై తొమ్మిదేళ్ళు. అంతకుముందు పదకొండేళ్ళు ఒక పెద్దాసుపత్రి క్యాంటీన్‌లో వండాడు. ఆసుపత్రివాళ్ళు క్యాంటీన్ ఎత్తేసి, ఆ గదిలో బిస్కెట్లు రాల్చే యంత్రాలు రెండు పెట్టారు. ఆయన భార్యది అదే ఆసుపత్రి లాండ్రీలో ఉద్యోగం. ఆవిడే పేపర్లో ప్రకటన చూసింది.

“బోటులో వంటమనిషి కావాలట. వెళ్ళి అడగండి” అంది.

“నాకు ఈత రాదే!”

“వండమన్నారు గానీ ఈదమన్నారా?”

ఆ ఇంట్లో ఆఖరి మాట ఎప్పుడూ ఆవిడదే. అలా కాంట్రాక్టు మీద చేరాడు. మొదటి నెల వండినదానికన్నా కక్కుకున్నదే ఎక్కువ. బోటులో వంటిల్లంటే నాలుగడుగుల వెడల్పు, ఆరడుగుల పొడవు. గిన్నెలు జారిపోకుండా పొయ్యి చుట్టూ ఇనుప కమ్మీ ఉంటుంది. సముద్రం బాగాలేని రోజున ఆయన తన నడుముకి తోలు బెల్టు కట్టుకుని దాన్ని గోడకున్న కొక్కేనికి తగిలించుకునేవాడు. అలా కట్టుకున్న మనిషి రెండు చేతులతో ఉల్లిపాయలు తరుగుతూ, కళ్ళ నీళ్ళు భుజానికి తుడుచుకుంటూ, పధ్నాలుగు మందికి వేళ తప్పకుండా అన్నం పెట్టేవాడు. కొత్తగా చేరిన కుర్రాఫీసర్లు ఆయన్ని ‘బాబాయ్’ అనేవారు. చేరిన వారంలోనే అనేవారు, ఎందుకంటే వాంతులయ్యేటప్పుడు తల పట్టుకునేది ఆయనే.

ఇక్కడ ఆ దళం సంగతి కాస్త చెప్పుకోవాలి, లేకపోతే తర్వాత జరిగినదాంట్లో అబ్బురం ఏమిటో అందదు. ఒడ్డునున్న జనానికి అది సైన్యమో పోలీసో ఎన్నడూ తేలేది కాదు. సైన్యమనుకుందామా, జీతాలు రేవుల శాఖ ఇస్తుంది. పోలీసులనుకుందామా, వాళ్ళకి లాఠీ లేదు, లాకప్పు లేదు. యుద్ధం వస్తే మాత్రం రాత్రికి రాత్రి నౌకాదళం కింద చేరిపోవాలని చట్టంలో ఉంది. తుపాను వస్తే మునిగేవాళ్ళని తియ్యాలి. దొంగ సరుకు వస్తే పట్టుకోవాలి. “ఇంతకీ మీరెవరయ్యా?” అని ఎవరైనా అడిగితే ఇంజనాయన, “అడిగినవాడు మునుగుతున్నాడా, దొంగతనం చేస్తున్నాడా అన్నదాన్ని బట్టి చెప్తాం” అనేవాడు.

అంతకన్నా వింత ఇంకోటి ఉంది. ఏదైనా ఓడను ఆపే అధికారం ఆ చట్టం బోటుకి ఇవ్వలేదు. బోటు మీదున్న తుపాకీకి ఇవ్వలేదు. యూనిఫారానికీ ఇవ్వలేదు. మేజిస్ట్రేటు ముందు నిలబడి, కుడి చెయ్యెత్తి ప్రమాణం చేసిన మనిషికి ఇచ్చింది. ఆ మనిషి పేరు మీద ఒక కాగితం ఇస్తారు. మూడేళ్ళకోసారి మళ్ళీ వెళ్ళి మళ్ళీ ప్రమాణం చెయ్యాలి. ఆ మనిషి బోటులో లేకపోతే, బోటు ఎంత పెద్దదైనా సరే, చట్టం కంటికి అది షికారుకొచ్చిన పడవే.

నిదానం చేరిన రెండో ఏడు పైనుంచి ఒక ఉత్తరం వచ్చింది. మీ స్టేషన్ నుంచి గురువారం పదింటికి ఆరుగుర్ని ప్రమాణానికి పంపండి అని. ఐదుగురు దొరికారు. ఆరోవాడికి దవడ వాచి నోరు తెరుచుకోవడం లేదు. లెక్క తగ్గితే సంజాయిషీ రాయాలి. స్టేషన్ సూపరింటెండెంటుకి సంజాయిషీ రాయడమంటే పన్ను పీకించుకోవడంతో సమానం. అటూ ఇటూ చూసి, తెల్ల చొక్కాలో ఎదురుపడ్డ వంటాయన్ని, “నువ్వెళ్ళు. చెయ్యెత్తి వాళ్ళు చెప్పిన నాలుగు ముక్కలు చెప్పి వచ్చెయ్. సాయంత్రం టీ టైముకి వచ్చెయ్యాలి, మరిచిపోకు” అని పంపేశాడు.

కోర్టులో ఆ గది గోడలకి సున్నం పెచ్చులూడుతోంది. ఫ్యాను తిరుగుతుంటే కిర్రుమంటోంది. మిగతా ఐదుగురూ గుమస్తా చదివింది చదివినట్టు గొణిగేసి, సంతకాలు గీకేసి, బయటికెళ్ళి సిగరెట్లు వెలిగించారు. నిదానం వంతు వచ్చింది. ఆయనకి చదువు అంతంత మాత్రం. అందుకని గుమస్తా ఒక్కో ముక్కా చెప్తుంటే చెవులు రిక్కించి విని, తిరిగి చెప్పాడు.

“ఈ నీళ్ళ మీద ఆపదలో ఉన్న మనిషి ఏ జెండా కిందివాడైనా వాణ్ణి నా మనిషిగా చూస్తాను. చట్టం నాకిచ్చిన అధికారాన్ని చట్టం గీసిన గీత దాటి వాడను. వాడవలసిన చోట భయపడి వాడకుండా ఊరుకోను.”

చెప్పడం అయిపోయినా ఎత్తిన చెయ్యి దించలేదు. గుమస్తా, “అయిందయ్యా, దించు” అన్నాక దించాడు. ఆ రోజు సాయంత్రం ఇంటికొచ్చి అన్నం సహించక లేచిపోయాడు.

“ఏమైందండీ? ఒంట్లో బాగాలేదా?” అంది భార్య.

“బాగానే ఉంది. ఒక మాట ఇచ్చాను. ఎవరికిచ్చానో అర్థం కావడం లేదు. ఎదురుగా ఉన్న గుమస్తాకి మాత్రం కాదు. ఇంకా చాలా పెద్దవాళ్ళకి ఇచ్చినట్టుంది.”

ఆవిడ కంచం పక్కకి పెట్టి, ఆ మాట ఏమిటో చెప్పించుకుని వింది. విని, మొట్టమొదటిసారి వెక్కిరించకుండా ఊరుకుంది. మరచిపోతానేమోనన్న భయంతో ఆయన మర్నాటి నుంచీ ఉల్లిపాయలు తరిగేటప్పుడు ఆ మూడు వాక్యాలూ పైకి అనుకోవడం మొదలుపెట్టాడు. బోటులోవాళ్ళు ఏదో జపం అనుకున్నారు. మూడేళ్ళకి గడువు దగ్గరపడుతోందని ఉత్తరం వస్తే, తక్కినవాళ్ళు దాన్ని సొరుగులో తోసేసి తర్వాత చూద్దాంలే అనుకుంటే, ఈయన సెలవు పెట్టుకుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని కోర్టుకి వెళ్ళొచ్చాడు. మరో మూడేళ్ళకి మళ్ళీ వెళ్ళాడు. వంటవాడికెందుకయ్యా ఇదంతా అని ఎవరూ అడగలేదు. లెక్కలో ఒక పేరు ఉంటే చాలు, ఆ పేరు వెనక గరిట ఉందో గన్ను ఉందో ఎవరు చూడొచ్చారు?

ఆయన చేరి తొమ్మిదేళ్ళు నిండిన సంవత్సరం, వేసవిలో, రేవుకి పది మైళ్ళ దూరంలో ఒక ముసలి సరుకు ఓడ లంగరేసి ఉండేది. తుప్పు పట్టిన ఎనిమిది వేల టన్నుల ఓడ. గస్తీ బోటు మూడు రోజులకోసారి దాని పక్కనుంచి వెళ్ళేది. గస్తీ బోటు కెప్టెన్‌కి ఆ వారం కంటి ఆపరేషన్. బోటు డిప్యూటీ చేతిలో ఉంది. తెలివైనవాడు, మంచివాడు, ముప్పై రెండేళ్ళవాడు.

ఉదయం పదకొండు దాటింది. నిదానం ఉల్లిపాయ తొక్కలు పారబోయడానికి డెక్ మీదికి వచ్చి ఆ ఓడవైపు చూసి నిలబడిపోయాడు. తర్వాత మెట్లెక్కి డిప్యూటీ దగ్గరికి వెళ్ళాడు.

“సార్, ఆ ఓడలో వంట కావడం లేదు.”

“నీకెలా తెలుసు బాబాయ్?”

“పదకొండున్నరకి పొయ్యి వెలగని ఓడ ఉంటుందా సార్? ఆ వంటింటి గొట్టం చూడండి. ఆవిరి లేదు. కిందటిసారి వచ్చినప్పుడూ లేదు. అంతకుముందూ లేదు. పోనీ అది నా భ్రమ అనుకుందాం. పక్షులేవి? మన వెనక పదిహేను తిరుగుతున్నాయి, నా తొక్కల కోసం. ఆ ఓడ చుట్టూ ఒక్క పిట్ట లేదు. పారేసే మెతుకు కూడా లేదన్నమాట.”

డిప్యూటీ దుర్భిణి తీసి చూశాడు. ఓడ వెనక వైపు రెయిలింగు దగ్గర నెరిసిన జుట్టు మనిషొకడు నిలబడి ఉన్నాడు. గస్తీ బోటును చూసి, అటూ ఇటూ చూసుకుని, చేతిలో ఉన్న తపేలాను తలకిందులుగా బోర్లించి పట్టుకున్నాడు. అందులోంచి ఏమీ పడలేదు. వెంటనే దాన్ని వెనక్కి దాచేశాడు.

డిప్యూటీ రేడియోలో ఓడ మాస్టరుని, అంటే ఆ ఓడ కెప్టెన్ని, పిలిచాడు. మాస్టరుకి ఇక్కడి భాష కొద్దికొద్దిగా వచ్చు. “అంతా బాగుంది. ఎవరూ రానక్కర్లేదు. నిన్ననే డీజిల్ వచ్చింది. మేం వెళ్ళిపోతున్నాం” అన్నాడు. అంటుండగానే ఓడ ముందు భాగంలో లంగరు గొలుసు గరగరమంటూ పైకి లేవడం మొదలైంది. ఇంజనుకి తిండి వచ్చింది గానీ మనుషులకి రాలేదన్నమాట. అక్కడికి రెండు మైళ్ళ అవతల పన్నెండు మైళ్ళ గీత, దేశం హద్దు, ఉంది. ఆ గీత నీళ్ళ మీద కనపడదు. చేప దాన్ని దాటుతుంది, అల దాటుతుంది, ఎవరికీ ఏమీ తెలియదు. కానీ ఆ గీత దాటితే ఇక్కడి చట్టం ఆ ఓడను ముట్టుకోలేదు. పాత ఓడ, అరగంటలో దాటిపోతుంది. తపేలా బోర్లించిన మనిషి దానితోపాటే పోతాడు.

డిప్యూటీ ఒడ్డుకి రేడియో చేసి అనుమతి అడిగాడు. అటునుంచి ఒకటే ప్రశ్న వచ్చింది. “మీ బోటులో చెల్లుబాటయ్యే ప్రమాణం ఉన్నది ఎవరికి?”

డిప్యూటీ గబగబా రిజిస్టరు తెరిచాడు. తన పేరు దగ్గర వేలు పెట్టేసరికి మొహం పాలిపోయింది. తన గడువు నాలుగు నెలల కిందట అయిపోయింది. ఆ ఉత్తరం సొరుగులోనే ఉంది. కెప్టెన్ ఆసుపత్రిలో ఉన్నాడు. వేలు కిందికి జారి ఇంకొక్క పేరు దగ్గర ఆగింది. ఆ పేరు ఎవరిదో అతనికి ఒక క్షణం తట్టలేదు. తట్టాక తల తిప్పి, ఏప్రన్‌లో ఎదురుగా నిలబడ్డ మనిషిని చూశాడు.

“బాబాయ్...” అన్నాడు.

“నాకు తెలుసు సార్” అన్నాడు నిదానం.

“వద్దు. విను. నువ్వు కాంట్రాక్టు మనిషివి. రేపు కోర్టులో నీ కాగితం చెల్లదంటే అది ఓడను దోచుకున్నట్టు లెక్క. ఏడేళ్ళు లోపల పెడతారు. నేను నిన్ను పంపలేను, ఆజ్ఞ కూడా ఇవ్వలేను. అంతా నీ ఇష్టం.”

 నిదానం వీరుడేమీ కాదు. ఇంట్లో బల్లి కనపడితే భార్యను పిలిచే మనిషి. ముందు నుయ్యి, వెనక గొయ్యి. పైకెళ్తే జైలు, ఊరుకుంటే రోజూ ఉల్లిపాయల దగ్గర ఇచ్చుకున్న మాట. ‘వాడవలసిన చోట భయపడి వాడకుండా ఊరుకోను’ అన్న ముక్క రెండువేల సార్లు పైకి అనుకుని ఉంటాడు. ఇప్పుడు ఆ ముక్క తనవైపు తిరిగి చూస్తోంది. లోపలికి వెళ్ళి, ప్లాస్టిక్ కవరులో ఉన్న కాగితం తెచ్చి చొక్కా లోపల పెట్టుకున్నాడు. పొయ్యి ఆర్పేసి వచ్చాడు.

గొలుసు పూర్తిగా లేవకుండానే కదులుతున్న ఓడకి, నిన్న డీజిల్ కోసం దించి ఇంకా తియ్యకుండా వదిలేసిన తాడు నిచ్చెనను ఈత రాని మనిషి ఎలా ఎక్కాడో ఆయనకే గుర్తు లేదు. కింద ఇంజనాయన “నిదానం బాబాయ్, నిదానం!” అని అరిచాడట. పైకి చేరేసరికి మాస్టరు ఎదురుగా నిలబడి ఉన్నాడు. ఆరడుగుల మనిషి. ఈయన చేతులు ఉల్లిపాయ వాసన కొడుతున్నాయి, ఏప్రన్ మీద నూనె మరకలు. మాస్టరు నవ్వాడు.

“నువ్వెవరు?”

నిదానం కాగితం తీసి రెండు చేతులతో పట్టుకుని చూపించాడు.  తర్వాత చెప్పాడు. “చట్టం పేరు మీద, నేను ఈ ఓడను ఆపుతున్నాను.”

“నువ్వు వంటవాడివి!”

“ఔనండీ” అన్నాడు నిదానం. “నేను ఈ ఓడను ఆపుతున్నాను.”

మాస్టరు నవ్వడం మానేసి ఇంజను గదికి ఫోను తిప్పి, వేగం పెంచమని అరిచాడు. అప్పుడే ముందు భాగంలో గొలుసు చప్పుడు ఆగిపోయింది. అక్కడ లంగరు యంత్రం దగ్గరున్న మనిషి మీట వదిలేసి, రెండు చేతులూ వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. కింద ఇంజను గదిలోంచి జవాబు ఫోనులో వచ్చింది. అది బయటికి కూడా వినపడింది. ఇంజనీరు వాళ్ళ భాషలో ఏదో అన్నాడు. దాని అర్థం నిదానానికి తర్వాత తెలిసింది. ‘పైన చట్టం నిలబడి ఉందట కదా. నేను తిప్పను.’

కాళ్ళ కింద డెక్ వణుకు తగ్గింది. తగ్గి తగ్గి పోయింది. ఎనిమిది వేల టన్నుల ఇనుము, మేడంత ఎత్తు, అర ఫర్లాంగు దాటిన పొడవు, ఒక్క తుపాకీ పేలకుండా, ఒక్కరూ ఎవరినీ తొయ్యకుండా, ఒక వంటవాడి నోటి మాటకి సముద్రం మధ్యలో ఆగిపోయింది. నిదానం ఆ నిశ్శబ్దంలో నిలబడి తన చేతిలో ఉన్న కాగితాన్ని మొదటిసారి చూస్తున్నట్టు చూశాడు. దాని బరువు ఎంతుంటుంది, ఉల్లిపొరంత ఉంటుందేమో. ఆయన ఒళ్ళంతా జలదరించింది. అది భయం కాదు, భయం కన్నా పెద్దది. ఎవరికిచ్చానో తెలియదనుకున్న మాట ఎవరికిచ్చాడో అప్పుడు తెలిసింది. రెయిలింగుల దగ్గర, తలుపుల్లో, మెట్ల మీద ఒక్కొక్కరుగా వచ్చి నిలబడుతున్నారు. ఇరవై ఒక్క మంది. బుగ్గలు లోపలికి పోయి, బెల్టులకి కొత్త బెజ్జాలు పొడుచుకుని, ఆయన్నే చూస్తున్నారు.

ఓడ వంటింట్లో పురుగు పట్టిన పిండి అర బస్తా, అడుగంటిన ఉప్పు డబ్బా ఉన్నాయి. మంచినీళ్ళు తుప్పు రంగులో ఉన్నాయి. వాళ్ళ పాస్‌పోర్టులన్నీ మాస్టరు బీరువాలో తాళంలో ఉన్నాయి. ఎనిమిది నెలలుగా ఎవరినీ ఒడ్డుకి దిగనివ్వలేదు. చట్టంలో ఇంకో సెక్షను ఉంది. ఆపిన ఓడ, అందులోని మనుషులు కోర్టు తేల్చేదాకా ఆపినవాడి సంరక్షణలోనే ఉండాలి, వాళ్ళకేం జరిగినా అతనిదే పూచీ. దిగితే అధికారుల లెక్క ప్రకారం ఇంకో దేశంలోకి వచ్చినట్టవుతుంది కాబట్టి కోర్టు పిలిచేదాకా దిగడానికీ లేదు. డిప్యూటీ ఈ సెక్షను చదివి వినిపిస్తే నిదానం ముఖం విచ్చుకుంది.

“అంటే అన్నం పెట్టాలంటారు. ఇది ముందే చెప్పాల్సింది సార్, ఇంత భయపడేవాణ్ణి కాదు.”

తొమ్మిది రోజులు ఆ ఓడలోనే వండాడు. మొదటి రోజు పలచగా, కొద్దికొద్దిగా పెట్టాడు. ఆసుపత్రిలో వండిన మనిషి కదా, ఎండిన కడుపుకి ఒక్కసారిగా పెడితే ప్రమాదమని తెలుసు. తపేలా బోర్లించిన పెద్దాయన ఆ ఓడ ఇంజనుకి నూనె పోసేవాడు. చెవులు సరిగ్గా వినపడవు. ఆయన పొయ్యి పక్కనే కూర్చుని, ఏమీ మాట్లాడకుండా ఆవిరి వైపు చూసేవాడు. మాస్టరుకీ కంచం పెట్టాడు నిదానం, అందరితో సమానంగా.

పదో రోజు కోర్టు. అంతకుముందు సాయంత్రం ఓడలో అందరికీ వడ్డించి ఇంటికొచ్చాడు. భార్య లాండ్రీ నుంచి వచ్చి ఆయన చొక్కా ఇస్త్రీ చేస్తూ, “గరిట పట్టిన చేత్తో ఓడలాపారు. ఇక ఆ చేత్తోనే ఊచలు లెక్కపెడతారా?” అంది. అని, ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి ఏడ్చేసింది. “ఆపకపోతే మాత్రం మిమ్మల్ని ఇంట్లోకి రానిచ్చేదాన్ని కాదు లెండి” అంది ముక్కు తుడుచుకుని.

జడ్జిగారు అరవై దగ్గరపడ్డ ఆవిడ. ఓడ కంపెనీ లాయరు మాటకారి. ఆవలిస్తే పేగులు లెక్కపెట్టే రకం.

“ఈ దళం సైన్యం కాదు, దీని జీతాలు రేవుల శాఖవి. పోలీసూ కాదు, దీనికి స్టేషన్ డైరీ లేదు. మరి ఏమిటిది? ఏదీ కాని దళంలో, ఏ హోదా లేని కాంట్రాక్టు వంటవాడు మా ఓడ ఎక్కాడు. సముద్రం మీద దీన్ని దోపిడీ అంటారు తల్లీ. ఓడను వదిలేయాలి, మనుషులు ఓడతోపాటు వెళ్ళాలి, ఇతన్ని శిక్షించాలి.” తర్వాత నిదానం వైపు తిరిగి, నవ్వుతూ అడగకూడని ప్రశ్న ఒకటి అడిగాడు. “ఏమయ్యా, అసలు ఏమని ప్రమాణం చేశావో నీకు తెలుసా?”

నిదానం నిలబడ్డాడు. తనకు తెలియకుండానే కుడి చెయ్యి లేచింది. ఏడేళ్ళ నుంచి రోజూ చెప్పుకుంటున్న మూడు వాక్యాలు తడుముకోకుండా చెప్పాడు. కోర్టు హాల్లో కాగితాల చప్పుడు ఆగిపోయింది. వెనక బెంచీలో కూర్చున్న డిప్యూటీ తల వంచుకున్నాడు, ఎందుకంటే అవే మాటలు అతనూ ఒకప్పుడు చెప్పాడు, ఒక్కటీ గుర్తు లేదు.

జడ్జిగారు కళ్ళద్దాలు సర్దుకున్నారు. “రికార్డులో మీ హోదా రాయాలి. ఏమని రాయమంటారు? వంటవారనా, అధికారి అనా?”

“రెండూ రాయండమ్మా” అన్నాడు నిదానం. “రెండూ నేనే.”

లాయరు లేవబోయాడు. జడ్జిగారు చెయ్యి చూపించి కూర్చోమన్నారు. చట్టం పుస్తకం తెరిచి చదివి, తీర్పు చెప్పడం మొదలుపెట్టారు. గొంతు పెద్దది కాదు, కానీ మూలల దాకా వినపడింది.

“ఈ దళాన్ని చట్టం ఏ ఒక్క గాటనా కట్టెయ్యలేదు. మరిచిపోయి కాదు, కావాలనే. శాంతిలో పౌర సేవ, యుద్ధంలో నౌకాదళం, నీళ్ళ మీద పోలీసు, తుపానులో తోడు. నాలుగు పనులూ ఒకే చేతికి అప్పగించింది. నాలుగు రకాలుగా ఉన్న దళంలో ఒక మనిషి రెండు రకాలుగా ఉంటే తప్పేమిటి? లాయరుగారు హోదా అడిగారు. ఒడ్డున అధికారానికి కచేరీ ఉంటుంది, గోడలుంటాయి, కుర్చీ ఉంటుంది. సముద్రం మీద ఏ గోడా నిలవదు. అందుకని ఈ దేశం తన చట్టాన్ని తీసుకెళ్ళి మనిషిలో పెట్టింది. ఎవరిలో పెట్టిందో వాళ్ళు దాన్ని దాచుకున్నారా, పారేసుకున్నారా అన్నదే ప్రశ్న. ఈయన దాచుకున్నారు. ఆయన ఆ ఓడ ఎక్కినప్పుడు వంటవాడు ఎక్కలేదు, ఒక్కడే ఎక్కలేదు. మనమందరం ఎక్కాం. ఓడను ఆపడం చెల్లుతుంది. మనుషులకి విడుదల.”

 నిదానానికి ఏడేళ్ళ జైలు తప్పిందన్న ఊరట ఆ క్షణంలో గుర్తే రాలేదు. కుడివైపు బెంచీల్లో కూర్చున్న ఇరవై ఒక్క మందినే చూస్తున్నాడు. వాళ్ళకి ఈ భాష రాదు. దుబాసీ ఒక్కో వాక్యం తిప్పి చెప్తున్నాడు. ఆ మాట మొదటి వరుసలో ఒకరి ముఖం మీదికి వచ్చింది, పక్కవాడికి చేరింది, రెండో వరుసకి వెళ్ళింది. చేరినవాడు చేరినట్టు లేచి నిలబడుతున్నాడు. చివర్లో కూర్చున్న పెద్దాయనకి మాత్రం వినపడలేదు. పక్కవాడు చెవిలో రెండుసార్లు చెప్పాడు. పెద్దాయన నమ్మనట్టు తల అడ్డంగా ఊపి, దుబాసీతో ఏదో అడిగాడు.

“ఏమంటున్నారు?” అన్నారు జడ్జిగారు.

“ఆ తలుపులోంచి బయటికి పోవచ్చా అని అడుగుతున్నాడమ్మా. వెనక్కి ఎవరూ పిలవరు కదా అంటున్నాడు.”

జడ్జిగారు జవాబు చెప్పబోయి ఆగారు. “తీర్పు నేను చెప్పాను. కానీ వాళ్ళు నా సంరక్షణలో లేరు. ఆపింది ఆయన పేరు మీద. ఇప్పటికీ వాళ్ళు ఆయన చేతిలోనే ఉన్నారు. పొమ్మని చెప్పాల్సింది ఆయనే” అని నిదానం వైపు చూశారు.

దుబాసీ చెప్పగానే ఇరవై ఒక్క తలలూ ఒక్కసారి ఆయన వైపు తిరిగాయి. తొమ్మిది రోజులు వాళ్ళకి అన్నం వడ్డించాడు గానీ, వాళ్ళు తన చేతిలో ఉన్నారని ఎన్నడూ అనుకోలేదు. ఓడను ఆపినప్పుడు కూడా ఇంత భయం వెయ్యలేదు. మనుషుల్ని ఆపే బలం తన దగ్గర ఉందని తెలియడం ఒక ఎత్తు. వదిలిపెట్టే మాట కూడా తన నోట్లోనే ఉందని తెలియడం ఇంకొక ఎత్తు. ఆయన లేచాడు. చొక్కా అంచు సర్దుకున్నాడు. భార్య వెనక వరుసలోంచి, “చెప్పండీ” అంది మెల్లగా.

“వెళ్ళండి నాయనా” అన్నాడు నిదానం. “ఇళ్ళకి వెళ్ళండి.”

ఈసారి దుబాసీ తిప్పి చెప్పనక్కర్లేకపోయింది. చెవులు వినపడని పెద్దాయనే అందరికన్నా ముందు తలుపు వైపు నడిచాడు.